మందులకు లొంగని గుణం అంటుకుంటుందా?

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్‌లో జిగట విరేచనాలకు సల్ఫా మందులు బాగానే పనిచేశాయి. కొన్నేళ్లకే ఆ జబ్బు తెచ్చే షిగెల్లా బ్యాక్టీరియా వాటిని లెక్కచేయడం మానేసింది. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ ఉన్నాయి కదా అని డాక్టర్లు ధీమాగా ఉన్నారు. 1955లో హాంకాంగ్ నుంచి తిరిగొచ్చిన ఓ మహిళలో ఈ నాలుగింటికీ లొంగని షిగెల్లా దొరికింది.

ఇది ఉత్పరివర్తన (జన్యువులో దానంతటదే వచ్చే మార్పు) వల్లే అనుకుందామంటే లెక్క కుదరదు. ఒక మందును తట్టుకునే మార్పు కోటి కణాల్లో ఒకదానికి వస్తుందనుకున్నా, నాలుగింటినీ ఒకేసారి తట్టుకునే ఒక్క కణం కోసం ఒకటి పక్కన 28 సున్నాలు పెట్టినన్ని కణాలు వెతకాలి! పైగా ఒకే రోగిలో మందుకు చచ్చే షిగెల్లా, చావని షిగెల్లా రెండూ కనబడేవి. ఒక్క మందే ఇచ్చినా నాలుగింటికీ మొండికేసిన రకం పుట్టుకొచ్చేది. అసలు ఆధారం మరోచోట ఉంది: ఆ రోగుల పేగుల్లో మామూలుగా ఉండే ఇ.కోలై కూడా అవే నాలుగు మందులకు లొంగడం లేదు.

1959లో తొమొయిచిరో అకిబా, కునితారో ఒచియాయ్ బృందాలు వేర్వేరుగా ఒకే పని చేశాయి. మొండి ఇ.కోలైని, మందుకు చచ్చే షిగెల్లాని ఒకే ద్రవంలో కలిపి పెంచాయి. తర్వాత చూస్తే షిగెల్లా నాలుగు మందుల మధ్యా హాయిగా పెరిగింది. మొండి ఇ.కోలై పెరిగిన ద్రవం నుంచి కణాలను వడగట్టి తీసేసి, ఆ ద్రవం ఒక్కటే షిగెల్లాకి కలిపితే మాత్రం ఏమీ జరగలేదు. అంటే కణం కణాన్ని తాకాల్సిందే.

చేతులు మారింది ప్లాస్మిడ్. క్రోమోజోమ్‌తో సంబంధం లేకుండా విడిగా ఉండే డీఎన్ఏ ఉంగరం అది. ఆ పేరు 1952లోనే జాషువా లెడర్‌బర్గ్ పెట్టారు. దాని ఒక పోగు పక్క కణంలోకి జారుతుంది, రెండు కణాల్లోనూ జత పోగు తయారవుతుంది. పక్కింటికి తోడు పెరుగు ఇచ్చినట్టే. ఇచ్చినవారి గిన్నె ఖాళీ అవదు. నాలుగు జన్యువులూ ఒకే ఉంగరంలో ఉంటే నాలుగూ కలిసే వెళతాయి.

ఈ పనిలో చాలా భాగం జపనీస్ పత్రికల్లోనే ఉండిపోయింది. కెయో విశ్వవిద్యాలయానికి చెందిన త్సుతోము వతనబే 1963లో ఇంగ్లిష్‌లో రాసిన సమీక్షతో పాశ్చాత్యులు ఉలిక్కిపడ్డారు. లండన్‌లో నవోమీ దత్తా అప్పటికే సాల్మొనెల్లాలో ఇదే చూశారు.

దత్తా, మరో శాస్త్రవేత్త హ్యూజ్ కలిసి 1983లో ఇంకో సంగతి తేల్చారు. యాంటీబయాటిక్‌లు వాడుకలోకి రాకముందు నుంచి, 1917 మొదలు, మరే అనే శాస్త్రవేత్త భద్రపరిచిన బ్యాక్టీరియాను వాళ్లు పరీక్షించారు. దాదాపు నాలుగో వంతులో ఇలా కణం నుంచి కణానికి పాకే ప్లాస్మిడ్‌లు ఉన్నాయి. మందుల్ని తట్టుకునే జన్యువులు మాత్రం వాటిలో లేవు. అవి చేరింది మన మందుల వాడకం పెరిగాకే.