విశ్వేశ్వరయ్య పని క్రమశిక్షణ

ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య (మరణం: 1962, బెంగళూరు) అనుసరించిన దినచర్య, పని పద్ధతి. ఆయన పుట్టింది ముద్దేనహళ్లిలో. పూర్వీకులది గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం. ఇంటిపేరు ఆ ఊరిదే.

చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్న ఆయన, బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెబుతూ సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. పూర్తిచేశారు. వేళ తప్పని అలవాటుకు మూలం ఆ రోజుల్లోనే ఉందనిపిస్తుంది: సొంత చదువుకు మిగిలేది కొద్ది సమయమే.

పెందలాడే లేవడం, నడక, మితాహారం, శుభ్రమైన దుస్తులు, తలపాగా ఆయనకు నిత్యం. పనిలో మాత్రం ఇంకా పట్టుదల. చెప్పదలచింది ముందే రాసుకుని, తృప్తి కలిగేదాకా దిద్దుకునేవారు. మూసీ వరదల (1908) తర్వాత హైదరాబాదుకు వరద రక్షణ పథకాన్ని ఆయనే రూపొందించారు. గండిపేట జలాశయం దాని ఫలమే. మైసూరు దివానుగా (1912–1918) ఉన్న కాలంలో మైసూరు బ్యాంకు (1913), మైసూరు విశ్వవిద్యాలయం (1916) ఏర్పడ్డాయి. వ్యక్తిగా పాటించిన క్రమాన్నే పాలనలోనూ కోరిన అరుదైన అధికారి ఆయన.

1951లో, దాదాపు తొంభై ఏళ్ల వయసులో కూడా, తన ఉద్యోగ జీవిత జ్ఞాపకాలను పుస్తకంగా వెలువరించారు. 1955లో భారతరత్న అందుకున్నారు. సెప్టెంబరు 15, ఆయన పుట్టినరోజు, దేశంలో ఇంజినీర్ల దినోత్సవం.