కీలుగుర్రం (జానపద నృత్యం)

కీలుగుర్రం: గుర్రపు బొమ్మ చట్రాన్ని నడుముకు తగిలించుకుని, కళాకారుడు స్వారీ చేసే రౌతులా కనిపిస్తూ ఆడే జానపద నృత్యం. జాతరల్లో, ఊరేగింపుల్లో వాద్యాల దరువుకు ప్రదర్శిస్తారు. తమిళనాడులో దీన్ని పొయ్‌క్కాల్ కుదిరై (బూటకపు కాళ్ల గుర్రం) అని, రాజస్థాన్‌లో కచ్చీ ఘోడీ అని అంటారు. 1949 నాటి ‘కీలుగుర్రం’ చలనచిత్రంలోనిది ఎగిరే మరగుర్రం; దానికీ ఈ నృత్యానికీ సంబంధం లేదు.

నిర్మాణం: వెదురు వంటి తేలికైన చట్రానికి గుర్రపు తల, తోక అమర్చి, మధ్య ఖాళీలో కళాకారుడు నిలబడతాడు. బరువును భుజాల పట్టీలు మోస్తాయి. చుట్టూ వేలాడే రంగుల గుడ్డ అతని కాళ్లను కప్పేస్తుంది.

కదలిక: గుర్రం నడక భ్రమంతా మోకాళ్ల వంపు, నడుము ఊపుపై ఆధారపడుతుంది. కళ్లెం లాగితే తల ఎగురుతుంది; చిన్న అడుగులు దుడుకు నడకను, గెంతులు దౌడును తలపిస్తాయి. తమిళనాడులోని తంజావూరు రీతిలో కొయ్యకాళ్లపై ఆడతారు. మనిషి, గుర్రం కలిసి కనిపించినా ఈ రూపం గ్రీకు పురాణాల సెంటార్ వంటిది కాదు; సెంటార్‌లో మనిషి, గుర్రం ఒకే దేహం. కీలుగుర్రంలో రౌతు, గుర్రం వేర్వేరుగా కనిపిస్తాయి.

సంబంధిత కళ: కీలుగుర్రపు చట్రంలాగే, ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ నృత్యంలో నెమలి ఈకల టోపీ నర్తకుని రూపాన్ని మారుస్తుంది. ఆ నృత్యానికి మార్లవాయికి చెందిన కనక రాజు 2021లో పద్మశ్రీ పొందారు.