ఉబ్బిన చోట కాదు, సన్నని చోట



దామంజోడిలో నాల్కో క్వార్టర్లలో గాని, కొండవార ఏ పల్లెలో గాని, ఒక ఇంట బిడ్డ పుట్టిందని తెలియగానే మనం అడిగే ప్రశ్నలు మీకు తెలిసినవే. ఆడపిల్లా, మగపిల్లాడా? బరువెంత? పాలు పట్టిందా? పోలిక ఎవరిది? ఇన్ని అడుగుతాం గాని, ఒక్క ప్రశ్న మరిచిపోతాం. బిడ్డకు మొదటి విరేచనం ఎప్పుడయింది? ఈనాటి ప్రసంగం ఆ ఒక్క ప్రశ్న గురించే.

నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతులైన బిడ్డలు నూటికి తొంభై మందికి పైగా మొదటి 24 గంటల్లోనే నల్లని జిగట విరేచనం చేస్తారు. 48 గంటలు దాటినా కాలేదంటే కారణం వెతకాలి. ఆ కారణాల్లో ఒకటి హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి. సుమారు 5,000 మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది. మగపిల్లల్లో నాలుగు రెట్లు ఎక్కువ. పేరు నోరు తిరగనిదే గాని, అది ఒక పిల్లల వైద్యుడి ఇంటిపేరు. ఈ జబ్బును లోకం ఎలా తెలుసుకుందో వింటే, జబ్బు ఏమిటో కూడా మీకే అర్థమవుతుంది.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో హరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ పిల్లల ఆసుపత్రి వైద్యుడు. 1886లో బెర్లిన్‌లో జరిగిన వైద్యుల సభలో ఆయన ఇద్దరు పసిబిడ్డల సంగతి చెప్పాడు. ఇద్దరికీ పుట్టుక నుంచీ మలబద్ధకం. పొట్టలు కుండల్లా ఉబ్బాయి. ఇద్దరూ ఏడాది నిండకుండానే చనిపోయారు. తరువాత కోసి చూస్తే పెద్దపేగు విపరీతంగా సాగి, గోడలు మందమై ఉన్నాయి. మలద్వారానికి దగ్గరగా ఉన్న చివరి భాగం మాత్రం ఉబ్బలేదు. చూసిన వారెవరైనా ఏమనుకుంటారు? ఉబ్బిన భాగానిదే జబ్బు అనుకుంటారు. ఆయనా అలాగే అనుకున్నాడు.

ఆ పొరపాటు అరవై ఏళ్లు సాగింది. శస్త్రవైద్యులు ఉబ్బిన పేగును కోసి తీసేసేవారు. కొన్నాళ్లకు పైన మిగిలిన పేగు మళ్లీ ఉబ్బేది. 1920లలో నడుము దగ్గరి నాడులను కోసి చూశారు. అదీ నిలకడగా పని చేయలేదు. విచిత్రమేమిటంటే 1901లోనే టిట్టెల్ అనే వైద్యుడు, ఇలాంటి బిడ్డ పేగు చివర ఉండవలసిన నాడీకణాలు లేవని సూక్ష్మదర్శినిలో చూసి రాశాడు. ఆ మాటను పట్టించుకున్నవారు తక్కువ.

చిక్కుముడి విడిపోయింది అమెరికాలో, బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో. 1940లలో ఆర్వార్ స్వెన్సన్ అనే శస్త్రవైద్యుడు ఒక సంగతి గమనించాడు. పొట్టమీద తాత్కాలికంగా దారి చేసి మలం అక్కడి నుంచి పోనిస్తే ఈ పిల్లలు కోలుకుంటున్నారు, బరువు పెరుగుతున్నారు. ఆ దారి మూసి పేగును మళ్లీ కలిపితే జబ్బు తిరగబెడుతోంది. అంటే ఉబ్బిన పేగు పని చేయగలదు. అడ్డు కింద ఉంది! పేగులో చిన్న బుడగలు పెట్టి కదలికలు కొలిచి చూశాడు. పైనుంచి వచ్చిన కదలిక సన్నని భాగం దగ్గరకు వచ్చి ఆగిపోతోంది. 1948లో స్వెన్సన్, ఆయన సహచరుడు బిల్ కలిసి కొత్త ఆపరేషన్‌ను ప్రకటించారు. చూడటానికి మామూలుగా కనిపించే ఆ సన్నని భాగాన్ని తీసేసి, నాడీకణాలున్న పేగును కిందికి లాగి మలద్వారం దగ్గర కలపడమే ఆ ఆపరేషన్.

సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కి వచ్చేవారికి ఇది తేలికగా తెలుస్తుంది. మలుపులో ఒక లారీ ఆగిపోతే వెనుక బారుగా బండ్లు నిలిచిపోతాయి. బారు పొడవుగా ఉంది కదా అని ఆ బండ్లను మరమ్మతు చేస్తే దారి తెరుచుకుంటుందా? ముందు ఆగిన లారీని తీయాలి. తల్లి గర్భంలో బిడ్డ రూపుదిద్దుకునే తొలి మూడు నెలల్లో నాడీకణాలు పేగు వెంట పైనుంచి కిందికి ప్రయాణం చేస్తాయి. కొందరిలో ఆ ప్రయాణం మధ్యలోనే ఆగిపోతుంది. కణాలు చేరని భాగం సడలదు, మలాన్ని ముందుకు నెట్టదు.

తల్లులారా, ఇది మీరు తిన్న తిండి వల్ల వచ్చింది కాదు. గ్రహణం వల్ల కాదు, దిష్టి వల్ల కాదు. 1994లో దీనికి సంబంధించిన ఒక జన్యువును కూడా గుర్తించారు. కోడలిని నిందించే ఇళ్లలో ఈ మాట గట్టిగా చెప్పండి.

మరి మన ఇళ్లలో ఏం జరుగుతుంది? తమలపాకు కాడకు ఆముదం రాసి పెడతారు, సబ్బు ముక్క పెడతారు. ఆ పూటకు విరేచనం అవుతుంది, పొట్ట తగ్గుతుంది. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. వారం తిరక్కుండా మళ్లీ అదే ఉబ్బు. తాత్కాలికమైన ఆ ఉపశమనమే జబ్బును దాచిపెడుతుంది. మన ప్రాంతంలో ఇంకా కొన్నిచోట్ల పొట్ట ఉబ్బిన పసిబిడ్డకు వాతలు పెడతారు. ఒడియాలో చెంకా అంటారు. లోపం పేగు లోపల ఉంటే, పైచర్మం కాల్చి ప్రయోజనమేమిటి? పుండు చీము పట్టి బిడ్డ ప్రాణానికే ముప్పు.

అలాగని ప్రతి మలబద్ధకానికీ బెదిరిపోకండి. తల్లిపాలు తాగే బిడ్డ నెల దాటాక రెండు మూడు రోజులకొకసారి మెత్తగా విరేచనం చేస్తూ, హాయిగా పాలు తాగి బరువు పెరుగుతుంటే భయం లేదు. రెండు మూడేళ్ల వయసులో మొదలైన మలబద్ధకం చాలావరకు అలవాట్ల వల్ల వచ్చేదే. పుట్టిన రోజు నుంచీ ఉన్నదాన్నే అనుమానించాలి. మొదటి విరేచనం ఆలస్యం కావడం, పొట్ట ఉబ్బడం, బరువు పెరగకపోవడం ఉంటే డాక్టరుకు చూపించండి. పచ్చని వాంతులు అయితే ఒక్క పూట కూడా ఆగకూడదు. జ్వరంతో పాటు పొట్ట బిగిసి, దుర్వాసనతో నీళ్ల విరేచనాలు చిమ్మితే అది పేగులో వాపు. రాత్రైనా సరే బయలుదేరండి. ఆపరేషన్ అయిన పిల్లలకూ ఈ వాపు రావచ్చు.

1936 వరకు కొరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనిదే. ఒడిశాలో కలిసిన తరువాత కూడా జబ్బు ముదిరితే ఘాటు దిగి కింగ్ జార్జి ఆసుపత్రికి పోవడం మనవాళ్ల అలవాటు. 2017 నుంచి కొరాపుట్‌లోనే లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఉంది. ముందు అక్కడ చూపించి, అవసరమైతే పిల్లల శస్త్రచికిత్స విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లవచ్చు. బేరియం ఎక్స్‌రే తీస్తారు. పేగు చివర నుంచి చిన్న ముక్క తీసి నాడీకణాలున్నాయో లేదో చూస్తారు. నిర్ధారణకు ఆధారం ఆ ముక్క పరీక్షే. 1998 నుంచి చాలామంది పిల్లలకు పొట్ట కోయకుండా మలద్వారం గుండానే ఆపరేషన్ చేసే పద్ధతి కూడా ఉంది. తరువాత కొందరికి కొంతకాలం మలబద్ధకం, బట్టల్లో విరేచనం కావడం ఉంటాయి. ఓపిక పట్టండి, పిల్లలను తిట్టకండి. ఎక్కువమంది తోటివారితో పాటే బడికి పోతారు, ఆడుకుంటారు.

కోపెన్‌హాగన్‌లో ఆ ఇద్దరు బిడ్డలకు సరైన వైద్యం అందలేదు, ఎందుకంటే అసలు లోపం ఎక్కడుందో అప్పటికి ఎవరికీ తెలియదు. ఈనాడు మనకు తెలుసు. ఇక మీదట పురిటింటికి వెళ్లినప్పుడు, బరువెంత అని అడిగిన నోటితోనే ఆ మరో ప్రశ్న కూడా అడగండి.