మూడు పిన్నుల వెనక ఒక ఆడమనిషి

వచ్చే నెల లండన్‌లో ఉన్న మా చెల్లెలి దగ్గరికి వెళ్తున్నాం. "అక్కా, పచ్చళ్ళు మర్చిపోయినా పర్లేదు, అడాప్టర్ మర్చిపోకు. మన చార్జర్లు ఇక్కడి గోడకి ఎక్కవు" అంది ఫోన్లో. మనకి ప్లగ్గులు అలవాటు చేసిందే ఆ తెల్లవాళ్ళు కదా, మరి వాళ్ళవి మనవాటికి సరిపోకపోవడమేంటి? ఆ సందేహంతో మొదలుపెట్టి చదువుతూ పోతే, చివరికి ఒక ఆడమనిషి దగ్గర తేలాను.

మొదట్లో కరెంటు ఇళ్ళలోకి వచ్చింది దీపాల కోసమే. గోడలకి సాకెట్లు ఉండేవి కావు. ఇంకేదైనా వాడాలంటే బల్బు తీసి ఆ హోల్డర్‌కే వైరు తగిలించాలి. మా అమ్మమ్మ వాళ్ళింట్లో ఇస్త్రీపెట్టె అలాగే పనిచేసేది. అమెరికాలో హార్వీ హబ్బెల్ అనే ఆయన ఊడదీసి పెట్టుకునే ప్లగ్గుకి 1904లో పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత ఏ దేశం దారి ఆ దేశానిదే. బ్రిటన్‌లో 1934లో గుండ్రటి పిన్నుల ప్లగ్గుకి ఒక ప్రమాణం రాసుకున్నారు. మన గోడల మీద ఇవాళ్టికీ ఉన్నది ఆ కుటుంబమే. ఫ్యానుకి చిన్నది, గీజరుకి పెద్దది.

మరి వాళ్ళెందుకు మారారు? రెండో ప్రపంచ యుద్ధం. బాంబులకి కూలిన ఇళ్ళు మళ్ళీ కట్టాలి, రాగి చూస్తే కొరత. కొత్త ఇళ్ళలో కరెంటు ఏర్పాటు ఎలా ఉండాలో తేల్చడానికి 1942లో 20 మందితో ఒక కమిటీ వేశారు. అందులో ఒకే ఒక్క ఆడమనిషి, కరోలిన్ హాస్లెట్. ఇంజనీరు. కరెంటు వస్తే ఆడవాళ్ళకి ఇంటి చాకిరీ తగ్గుతుందని గట్టిగా నమ్మిన మనిషి. 1924లో మొదలైన మహిళల విద్యుత్ సంఘానికి మొదటి డైరెక్టరు కూడా ఆవిడే.

ఆ కమిటీ చర్చల్లోంచే 1947లో ఇప్పటి బ్రిటిష్ ప్లగ్గు వచ్చింది. ఇంటి చుట్టూ ఒకే వలయంగా వైరు తిప్పితే రాగి కలిసొస్తుంది. కానీ ఆ వైరులో కరెంటు ఎక్కువ, అందుకని ప్రతి ప్లగ్గులోనూ ఒక ఫ్యూజు పెట్టారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ సాకెట్ కన్నాల వెనక ఉండే చిన్న తలుపులు. పైనున్న పొడుగు ఎర్తు పిన్ను ముందు లోపలికి వెళ్తేనే కింది రెండు కన్నాలూ తెరుచుకుంటాయి. పాకే పిల్లాడు పిన్నీసు గుచ్చుదామన్నా లోపలికి పోదు. కరెంటు పరికరాల వల్ల ఇంట్లోవాళ్ళకి ప్రమాదం రాకూడదన్నది హాస్లెట్ ఎప్పుడూ పట్టుబట్టిన విషయం. ఇరవై మందిలో ఆ ఒక్క కుర్చీ లేకపోతే ఏమయ్యేదో!

అదే 1947లో మనకి స్వాతంత్ర్యం. వాళ్ళు కొత్తదానికి మారిపోయారు, పాతది మన దగ్గర ఉండిపోయింది. అన్ని దేశాలకీ ఒకటే ప్లగ్గు అంటూ 1986లో ఒక అంతర్జాతీయ ప్రమాణం కూడా రాశారు. బ్రెజిల్, దక్షిణాఫ్రికా తప్ప పెద్దగా ఎవరూ అందుకోలేదు. ఎన్ని కోట్ల గోడలు తవ్వాలి మరి!

ఇక కొనే సంగతి. అడాప్టర్ ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది, వోల్టేజిని మార్చదు. చార్జర్ మీద సన్న అక్షరాల్లో "ఇన్‌పుట్ 100-240" అని ఉంటే ఏ దేశంలోనైనా అడాప్టర్ ఒక్కటి చాలు. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్లు దాదాపు అన్నీ అలాంటివే. అమెరికాలో 120 వోల్టులే కాబట్టి, మన 230 వోల్టుల మిక్సీని ఉత్త అడాప్టర్‌తో అక్కడ పెడితే సరిగ్గా తిరగదు. బ్రిటన్‌లో ఆ బాధ లేదు, వోల్టేజి మనదే. దుబాయ్, సింగపూర్, మలేషియా వెళ్ళేవాళ్ళకీ ఈ బ్రిటిష్ రకమే కావాలి.

షాపులో అన్ని దేశాలకీ పనికొచ్చే డబ్బాలాంటిది చూపించారు. చాలావాటిలో ఎర్తు పిన్ను ఉత్త ప్లాస్టిక్, తలుపులు తెరవడానికే తప్ప ఎర్తింగు ఉండదు. ఫోన్లకి ఫర్వాలేదు, ఇస్త్రీపెట్టెకి వద్దు. నేను ఒక్క బ్రిటన్‌కే పనికొచ్చేది, ఫ్యూజు ఉన్నది, లోపల లోహపు ఎర్తు ఉన్నది అడిగి తీసుకున్నాను. "అడాప్టరెందుకమ్మా, పై కన్నంలో పెన్ను దూర్చి రెండు పిన్నులదే పెట్టేస్తారు అందరూ" అన్నాడు షాపబ్బాయి. చంటిపిల్లలున్న ఇంట్లో, వాళ్ళు చూస్తుండగా ఆ పని చేస్తే వాళ్ళు నేర్చుకునేది ఏంటి నాయనా అని అడిగాను. నవ్వి బిల్లు రాశాడు.