స్టింక్: ఒకప్పుడు పువ్వుకీ ఉండేది

గులాబీ స్టింక్ చేస్తోందని ఎవరైనా అంటే జలుబు చేసిందేమో అనుకుంటాం. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఆ మాటలో తప్పేమీ లేదు. స్టింక్, స్టెంచ్‌ల పాత రూపాలకి అర్థం వట్టి వాసన. పువ్వుకీ ఉండేది, పీనుగుకీ ఉండేది. మంచి వాసన అని చెప్పాలంటే ముందు ‘తియ్యని’ అని తగిలిస్తే చాలు. ‘ది ఫీనిక్స్’ అనే పాత ఇంగ్లీషు కావ్యంలో స్వర్గంలాంటి నేల పరిమళాలకి వాడింది ఈ మాటే.

అయితే అప్పటికే అది చెడువైపు ఒరుగుతోంది. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక దర్బారు భాష ఫ్రెంచి అయింది. ఓడర్, సెంట్, చాలాకాలం తరవాత పర్ఫ్యూమ్, అన్నీ ఫ్రెంచి దారిలో వచ్చినవే. పర్ఫ్యూమ్ మొదట ధూపం, అంటే పొగ. ఇంగ్లీషు సొంత మాట ‘రీక్’కీ మూలార్థం పొగే. ఒక పొగ అత్తరు సీసాలోకి ఎక్కింది, ఇంకోటి కంపుగా మిగిలింది. మధ్యస్థంగా ఉన్న ‘స్మెల్’ 12వ శతాబ్దంలో కనిపిస్తుంది. అదెక్కణ్ణుంచి వచ్చిందో నిఘంటుకారులు ఇప్పటికీ తేల్చలేదు.

మనకిది కొత్త కథేం కాదు. పాత తెలుగులో కంపు అంటే పరిమళం కూడా. పక్కనే కన్నడంలో ఇవాళ్టికీ కంపు అంటే సువాసనే. తమిళంలో నాట్రం ఒకప్పుడు పరిమళం, ఇప్పుడు కంపు. మన దగ్గర కంపు కిందికి జారితే, సంస్కృతం నుంచి వచ్చిన పరిమళం, సుగంధం పైమెట్టు మీద కూర్చున్నాయి. ఆఖరికి ‘వాసన’ కూడా జారుతోంది. “ఏదో వాసనొస్తోంది” అని ఎవరైనా అంటే మల్లెపూల కోసం చూడం కదా, చెత్తబుట్ట వైపు చూస్తాం.

స్టింక్‌కి చరిత్రలో ఒక పెద్ద పేరు కూడా దక్కింది. 1858 వేసవిలో మురుగుతో నిండిన థేమ్స్ నది ఎండకి కుళ్ళి, లండన్ ముక్కు మూసుకుంది. దాన్నే ‘ది గ్రేట్ స్టింక్’ అన్నారు. పార్లమెంటు తెరల్ని క్లోరైడ్ ఆఫ్ లైమ్‌లో తడిపి వేలాడదీశారు. మురికివాడల జనం ఏళ్ళ తరబడి పీలుస్తున్న గాలి సభ్యుల ముక్కుదాకా వచ్చేసరికి, మూడు వారాలు తిరక్కుండానే చట్టం అయిపోయింది. జోసెఫ్ బాజల్గెట్ మురుగుకాలవలు కట్టాడు. కలరా చెడుగాలి వల్ల వస్తుందని అప్పట్లో చాలామంది నమ్మకం. కాదు, నీళ్ళ వల్లని 1854లోనే చూపించిన డాక్టర్ జాన్ స్నో ఆ 1858 జూన్‌లోనే చనిపోయాడు. కంపుకి భయపడి కట్టిన కాలవలు చివరికి నీళ్ళని కాపాడాయి.

కంపు అనే మాటని మనుషుల మీదికి విసరడం కూడా జరిగింది. కింది తరగతి వాళ్ళ దగ్గర వాసనొస్తుందని తన తరం మధ్యతరగతి పిల్లలకి నేర్పారని, వర్గాల మధ్య అసలు గోడ అదేనని జార్జ్ ఆర్వెల్ 1937లో రాశాడు. అభిప్రాయాన్ని వాదించి మార్చొచ్చు, ఒంట్లో పుట్టే అసహ్యాన్ని మార్చడం కష్టమన్నది ఆయన బాధ. కులాన్ని బట్టి వాడల్నీ, వంటల్నీ, ఒళ్ళనీ వాసనపేరుతో దూరం పెట్టిన మనకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

కంపు, స్టింక్ పుట్టుకతో చెడ్డ మాటలు కావు. ఈసారి ఎవరినైనా ఉద్దేశించి “కంపు” అనబోయేముందు, ఆ వాసన నిజంగా ముక్కుకి తగిలిందా, లేక ఎవరో నేర్పారా అని ఒక్క క్షణం ఆలోచించుకోవచ్చు.