బడిపిల్లల తుఫాను – ఇద్దరు పంతులమ్మలు

మన కోశాలలో మంచుకు పేర్ల కొరత లేదు. హిమము, తుహినము, తుషారము, నీహారము, ప్రాలేయము – వీటన్నింటినీ అమరసింహుడు ఒక్కచోటనే చేర్చిపెట్టాడు. అయితే గాలితో కలిసి వచ్చి మనుషుల ప్రాణాలు తీసే మంచుకు ప్రత్యేకించి మనకొక పేరు లేదు. తెలుగునేలకు ఆ అవసరం కలుగలేదు. ఆంగ్లంలో దానిని బ్లిజార్డ్ అంటారు. గంటకు 35 మైళ్ళకు తగ్గని గాలి, పావుమైలు అవతల ఏమీ కానరానంత మంచు, ఈ రెండూ కనీసం 3 గంటలు నిలిస్తేనే నేటి అమెరికా వాతావరణ శాఖ ఆ మాట వాడుతుంది. అటువంటివాటిలో ఉపాధ్యాయవృత్తిలో ఉన్నవారందరూ తెలుసుకోదగినది 1888 జనవరి 12 నాటిది. దానికి ‘బడిపిల్లల తుఫాను’ అనే పేరు స్థిరపడింది.

1862 నాటి చట్టం ప్రకారం, అయిదేళ్ళు నివసించి సాగు చేసినవారికి 160 ఎకరాల భూమి దక్కేది. ఆ ఆశతో నార్వే, స్వీడన్, జర్మనీ దేశాలనుండి వేలాది కుటుంబాలు డకోటా, నెబ్రాస్కా మైదానాలకు తరలివచ్చాయి. అక్కడ చెట్లు అరుదు. అందుచేత గడ్డివేళ్ళు అల్లుకొన్న మట్టిపెళ్ళలను కోసి, గోడలుగా పేర్చి ఇళ్ళు కట్టుకొన్నారు. బడులు కూడ చాలచోట్ల అటువంటివే. కలప లేనివారికి మెలివేసిన ఎండుగడ్డే వంటచెరకు. బడికి ఒక్కరే ఉపాధ్యాయులు. వారిలో అనేకులు ఇరవైయేళ్ళు నిండని యువతులు.

ఆనాటి ఉదయం, కొన్నాళ్ళ కఠినమైన చలి తరువాత, వాతావరణం హాయిగా ఉన్నది. పిల్లలు బరువైన కోట్లు ఇంట వదలి బడికి పోయారు. రైతులు పశువులను బయటికి తోలారు. అంతలో వాయవ్యదిశ నుండి తుఫాను విరుచుకుపడింది. నెబ్రాస్కాను చేరేసరికి బడి విడిచే వేళ కావచ్చింది. ఆ మంచు దూదిపింజల వంటిది కాదు. పిండివలె మెత్తని పొడి. కన్ను తెరవనీయదు, ఊపిరి తీయనీయదు. చాచిన చేయి కనబడదు.

కారణం దేశం నైసర్గిక స్వరూపంలోనే ఉన్నది. కెనడా శీతలవాయువుకు, మెక్సికో సింధుశాఖ వెచ్చని తేమగాలికి నడుమ అడ్డుగా తూర్పుపడమరల పర్వతశ్రేణి ఏదీ లేదు. మనకు ఉత్తరాన హిమవంతుడు చేసే ఉపకారం వారికి లేదు. ఆ కాలంలో వాతావరణ సూచనలు సైన్యానికి చెందిన సిగ్నల్ విభాగం చేసేది. చలిగాడ్పు రానున్నదని ఆ విభాగం చెప్పకపోలేదు. కాని ఆ వార్త తంతితీగ ఉన్నంతవరకే పోయింది. మారుమూల మట్టిబడికి తీగ ఎక్కడిది?

నెబ్రాస్కాలోని మీరా లోయలో మిన్నీ ఫ్రీమన్ బడి పైకప్పు గాలికి లేచిపోయింది. ఆమె పిల్లలను వెంటబెట్టుకొని దగ్గరి రైతు ఇంటికి చేర్చింది. అందరూ బ్రతికారు. ఆమె వారిని తాడుతో ఒకరికొకరిని కట్టి నడిపించిందని కథ ప్రచారమైంది. అందులో నిజమెంత అన్నది నేటికీ వివాదమే. పత్రికలు ఆమెను కొనియాడాయి, ఆమెపై పాట వెలువడింది.

అదే రాష్ట్రంలో ప్లెయిన్‌వ్యూ వద్ద లోయిస్ రాయిస్ ముగ్గురు పిల్లలతో బడిలో చిక్కుకొన్నది. పొయ్యిలోకి వంటచెరకు అయిపోయింది. నూరు గజాలైనా లేని ఇంటికి బయలుదేరి దారి తప్పింది. రాత్రంతా ఆరుబయట పిల్లలను ఒడిలో పొదువుకొన్నా ముగ్గురూ ఒకరి వెనుక ఒకరు కన్నుమూశారు. ఆమె బ్రతికింది, గడ్డకట్టిన పాదాలు తీసివేయవలసి వచ్చింది.

మిత్రులారా, ఇక్కడ కాస్త ఆలోచించాలి. ఇద్దరూ బడి విడిచి బయటికి నడిచినవారే. ఒకరికి కప్పు పోయింది, ఒకరికి నిప్పు పోయింది. ఇద్దరికీ లోపల ఉండే వీలు లేదు. ఇద్దరి తెగువా ఒక్కటే, ప్రేమా ఒక్కటే. ఫలితం వేరయినందున ఒకరు వీరవనిత అయ్యారు, ఇంకొకరు శోకగాథ అయ్యారు. చరిత్ర సాధారణంగా ఫలితాన్ని చూసి మనిషిని తూకం వేస్తుంది. బడిలో పిల్లల బాధ్యత మోసినవారికి మాత్రం ఆ తూకం ఎంత అన్యాయమో తెలుస్తుంది.

మృతులు 235 మంది అని ఒక అంచనా. సరియైన లెక్క తేలలేదు. రెండు నెలలకే, మార్చిలో, వేరొక మంచుతుఫాను న్యూయార్కును ముంచెత్తడంతో దేశం దృష్టి అటు మళ్ళింది. 1891లో వాతావరణ సూచనల బాధ్యత సైన్యం నుండి వ్యవసాయ శాఖకు మారింది. మార్పుకు ఇదొక్కటే హేతువని చెప్పలేము. నెబ్రాస్కా శాసనభవనంలో ఈ తుఫానును చిత్రించిన మొజాయిక్ నేటికీ ఉన్నది.

ఆ మైదానాలలో నేడు మన తెలుగువారూ నివసిస్తున్నారు. తుఫాను హెచ్చరిక ఇప్పుడు వారి అరచేతిలోకే వస్తుంది. అది వచ్చిన రోజున ప్రయాణం మానుకొన్నవారు, ఆ హెచ్చరిక అందని ఇద్దరు పంతులమ్మలను ఒక్కసారి తలచుకోవాలని నా మనవి. ఇద్దరినీ, సమానంగా.