బయానాకు ముందు

మిరప కోతలు అయిపోయాయి, పర్చూరులో ఇళ్ల బేరాలు మొదలయ్యాయి. మధ్యవర్తి ముందు నడుస్తున్నాడు, చంకలో జిరాక్సు కాగితాల కవరు. "తూర్పు ముఖం మాష్టారూ, నాలుగు సెంట్లు." సెంటుకు 48.4 గజాలు, అంటే 193 గజాల పైచిలుకని మీరు మనసులో లెక్కేసుకుంటారు.

తాళం తీస్తాడు. టేకు ద్వారబంధాలు, దేవుడి గది, కొత్త రంగు వాసన. పడకగది కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక బీట, మీద సున్నం మెత్తారు. మీ కళ్లు అక్కడే ఆగిపోతాయి. ఇది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పత్తికి బలమిచ్చే ఈ నేలే లోతులేని పునాదిని ఏటా కదుపుతుంది. పెరట్లోకి వెళ్లి చూస్తే గోడకూ నేలకూ మధ్య వేలు దూరేంత సందు. ఈ ప్రాంతంలో గచ్చు మెరుపు కంటే ముందు పునాది లోతు అడగాలి. మేస్త్రీని తీసుకురాకుండా ధర మాట్లాడకండి.

"బీట పాతదే, దాచను," అంటాడాయన. "ఇంకోటీ చెప్పాలి. పెద్దాయన వీలునామా రాయకుండా పోయాడు. అమ్మేది కొడుకే గానీ ఇద్దరు ఆడపిల్లలూ ఉన్నారు."

ఏ కాగితంలోనూ కనపడని మాట అది. ఊళ్లో మధ్యవర్తి అవసరం నిజంగా ఇక్కడే. వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యకూ కూతుళ్లకూ కొడుకుతో సమాన వాటా. కొడుకు ఒక్కడి సంతకం చాలదు. 2016 రెరా చట్టం కొత్త ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు, స్థలాలు అమ్మే ఏజెంట్లను రిజిస్టరు చేసుకోమంటుంది గానీ ఇలాంటి పాత డాబా బేరానికి వర్తించదు. ఊళ్లో మధ్యవర్తికున్న పేరే పూచీ. పైగా బేరం కుదిరితేనే ఆయనకు రెండు వైపులా వందకో రూపాయి. అందుకే తొందర.

"ఇవాళ మంచిరోజు. యాభై వేలు బయానా ఇచ్చేయండి. చీరాల నుంచి ఇంకొకళ్లు వస్తామంటున్నారు."

"ఇస్తాం అన్నయ్యా, బ్యాంకు ద్వారానే," అంటుంది మీ ఆవిడ. స్థిరాస్తి బయానా ఇరవై వేలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోకూడదని ఆవిడకు తెలుసు. "ముందు 1983 నుంచి ఈసీ తీయించండి. వాళ్లమ్మగారితో, ఆడపడుచులతో ఒక్కసారి మాట్లాడించండి."

ఆయన నొచ్చుకోడు. అరుగు మీద కూర్చుని చిలకలూరిపేటలో ఉన్న ఆడపడుచుకు ఫోన్ కలిపి, స్పీకరు పెడతాడు. విషయం చెప్పగానే అటు నుంచి అడుగుతుంది:

"మా తమ్ముడు ఎంతకు ఒప్పుకున్నాడు బాబాయ్?"